హెడ్‌లైటు కింది మచ్చ

కారు తుడిచే గుడ్డల్ని ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. చీరల పోగులో, పాప యూనిఫాం నూలో వాటికి అంటుకుంటే మళ్ళీ తుడిచేటప్పుడు పెయింటు మీద సన్నటి గీతలు పడతాయి. అందుకని రోజూ పొద్దున ఇంటి బట్టలు మిషన్లో పడేసి, ఈ నలభై గుడ్డల్నీ నేను వేరే బకెట్లో చేత్తో ఉతుకుతాను. ఎండలో వేస్తే బిరుసెక్కుతాయని మెట్ల కింద నీడలో ఆరేస్తాను.

“మొగుడి లుంగీ మిషన్లో ఏస్తాది, ఊర్లోవాళ్ళ కార్ల గుడ్డలు మాత్రం చేత్తో ముద్దుగా పిండుతాది మా భాను” అని అత్త పక్కింటివాళ్ళతో నవ్వుతూ అంటుంది. నవ్వుతూ అంటుంది కాబట్టి నేను కూడా నవ్వాలి. ఈ గుడ్డలు ఉతకడం కూడా నీ కొడుకు షాపు పనే అత్తా, నేను సరదాకి పెట్టుకున్నది కాదు అని చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నోరు తెరిచేలోపు పాలు పొంగుతాయి. లేదంటే షాపులోంచి “భానూ, టేపు యాడ పెట్టినావు?” అని కేక వస్తుంది.

అత్త అంటే నాకు మేనత్తే. మా నాయన అక్క సుబ్బులమ్మ. పుత్తూరులో నా డిగ్రీ అయిపోయిన ఏడాదే ఆమె కొడుకు గిరిప్రసాద్‌కి నన్నిచ్చారు. “పరాయింటికి పోలేదు కదా, మేనత్త ఇల్లే కదా” అని మా అమ్మ తృప్తిపడింది. తిరుపతిలో కరకంబాడి రోడ్డు మీద ముందు బావ షాపు, వెనక ఇల్లు. వంటింటికీ షాపుకీ మధ్య ఒకే ఒక్క తలుపు. ఆ తలుపులోంచి నేను రోజుకు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతానో నాకే తెలియదు. ఇటు ఉన్నప్పుడు కోడల్ని, అటు ఉన్నప్పుడు ఏమిటో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఎవరైనా కస్టమరు నన్ను చూసి ఎవరని అడిగితే “మా ఇంటామె సార్, గుడ్డలూ గిడ్డలూ అందిస్తా ఉంటాది” అంటాడు బావ.

కార్లకు నీళ్ళు కొట్టి కడగడం వేరు, పాలిష్ పట్టడం వేరు. బావ చేసేది పాలిష్. ఎండకు మాసి, గుడ్డ దెబ్బలకు గీతలు పడిపోయిన కారుని మందు రాసి, మిషన్‌తో తిప్పి, అద్దంలా చేసి ఇస్తాడు. అతని చేతిలో ఉండేది అరచెయ్యంత ప్యాడ్ తిరిగే పెద్ద మిషన్. బానెట్ మీద, పైకప్పు మీద, తలుపుల వెడల్పు మీద దాంతో అతను పనిచేస్తుంటే చూడ ముచ్చటగానే ఉంటుంది. అది నేను కాదనను. మూడేళ్ళ క్రితం చెన్నై నుంచి ఒక చిన్న మిషన్ కూడా తెచ్చాడు. పిడికిట్లో పట్టేంత మిషన్, రెండంగుళాల ప్యాడ్. రెండు రోజులు వాడి “ఇది బొమ్మ మిషనప్పా, దీంతో ఒక కారు చేసేలోపు పండగొచ్చేస్తాది” అని అటక మీద పెట్టేశాడు.

దాన్ని కిందికి దించింది నేను. ఒక తెల్ల కారు తలుపు హ్యాండిళ్ళ వెనక గుంటల్లో గోళ్ళ గీతలు పోవడం లేదని బావ చేత్తో రుద్ది రుద్ది విసుగెత్తి టీకి వెళ్ళాడు. నేను మిషన్ తీసి, ప్యాడ్‌కి మందు చుక్క అంటించి, నెమ్మదిగా తిప్పి చూశాను. నాలుగు తలుపులూ అయ్యాయి. బావ వచ్చి చూసి “పరవాలేదే” అన్నాడు. ఆ రోజు నుంచి కారులో ఇరుకు చోట్లన్నీ నావి. అద్దాల కాడలు, హ్యాండిల్ గుంటలు, నంబరు ప్లేటు చుట్టూ, వెనక రెక్క కింద, హెడ్‌లైటుకీ బంపర్‌కీ మధ్యన ఉండే రెండు వేళ్ళ జాగా. పెద్ద మిషన్ అక్కడికి పోదు. పోనిస్తే దాని అంచు తగిలి రంగు లేచిపోతుంది. కారు మీద రంగు అన్నిచోట్లా ఒకే మందంగా ఉండదు, మడతల దగ్గరా అంచుల దగ్గరా పల్చబడి ఉంటుంది. పైగా బంపర్ ప్లాస్టిక్‌ది. రేకు వేడిని నాలుగువైపులకూ పంచేస్తుంది, ప్లాస్టిక్ ఉన్నచోటే దాచుకుంటుంది. అందుకే అక్కడ మూడు క్షణాలు తిప్పి ఆపాలి, వేళ్ళ వెనకవైపుతో తాకి చూడాలి, వెచ్చగా ఉంటే ఇంకో మూలకు పోయి మళ్ళీ రావాలి. ఇదంతా ఎవరూ నేర్పలేదు. పాప చిన్నప్పుడు నీళ్ళు పోసేముందు వేడి చూసిన చెయ్యే అది.

నాకు ఆ పని ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. హ్యాండిల్ గుంటలు చూస్తే మనుషులు కనిపిస్తారు. డ్రైవరు తలుపు దగ్గర ఉంగరం గీత లోతుగా ఉంటుంది. వెనక తలుపు దగ్గర పిల్లల గోళ్ళ గీతలు కిందికి ఉంటాయి, పైదాకా చెయ్యి అందదు కదా. వాటిని ఒక్కొక్కటే మాయం చేస్తుంటే నా తలలో పొద్దుటి నుంచి తిరిగే మాటలన్నీ ఆగిపోతాయి. ఇంకెక్కడా అవి ఆగవు. కూరగాయలు తరుగుతున్నా తిరుగుతూనే ఉంటాయి.

బావ వీడియోలు తీసి ఫోన్లో పెడతాడు. బానెట్ పని చేసేటప్పుడు అతని ముఖం కనిపిస్తుంది. ఇరుకు చోట్ల పని చేసేటప్పుడు చేతులు మాత్రమే. మొదటి వీడియో కింద ఎవరో “అన్నా, ఆ గాజులేంది?” అని రాశారు. మర్నాడు నాకు నల్ల గ్లవ్స్ తెచ్చిచ్చాడు. మోచేతి దాకా ఉంటాయి. “కెమికల్ చేతికి తగలకుండా” అన్నాడు. ఇంటి వెనక నేను అదే కెమికల్ గుడ్డల్ని ఉత్త చేతుల్తో ఉతుకుతానని అతనికి గుర్తు రాలేదు. అప్పటి నుంచి ఆ వీడియోల్లో నా చేతులు అతని చేతులు. “గిరన్న చెయ్యి పడితే మూల కూడా మెరవాల్సిందే” అని కింద రాసేవాళ్ళు. నాకు చదివి వినిపించేవాడు కూడా, నేను సంతోషిస్తానని. నేను సంతోషించేదాన్ని.

పోయిన నెలలో పెరుందేవి టీచరమ్మ కారు వచ్చింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. కె.టి. రోడ్డులో ఇల్లు. భర్త ముకుందం గారు దేవస్థానం ఆఫీసులో చేసి రిటైరయ్యారు. యాభై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, తన పేరుమీద కొనుక్కున్న కారు అది. ముదురు నీలం. బావ మాత్రం కారు గురించి అడగాల్సినవన్నీ ముకుందం గారినే అడిగాడు. ఆయన “నాకేం తెలుసయ్యా, ఆమె బొమ్మ అది, ఆమెనడుగు” అన్నారు. ఆమె నవ్వలేదు. కారు చుట్టూ తిరిగి, ముందు ఎడమ హెడ్‌లైటు కింద మూల చూపించి, “గేటుకు రాసుకుంది. ఇది నా తప్పే. పోతుందా?” అని అడిగారు. పోతుందని నాకు చూడగానే తెలిసింది. “పోతాది టీచరమ్మా” అన్నాడు బావ. బుధవారం సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకుంటామన్నారు.

బుధవారం నేను ఆ మూల చుట్టూ టేపు వేస్తున్నాను. హెడ్‌లైటు అంచుకీ, గ్రిల్లుకీ టేపు అంటించి, మిషన్ చేతికి తీసుకునేసరికి వెనక తలుపు తెరుచుకుంది. శ్రీకాళహస్తి నుంచి దర్శనానికి వచ్చిన అత్త తరఫువాళ్ళు ఆరుగురు కొండ దిగి నేరుగా వచ్చేశారు. “భానూ, ఆకలిమీదుండారు, సాంబారు పెట్టి రెండు అప్పడాలు కాల్చు” అంది అత్త. నేను గ్లవ్స్ తీసి పెట్టి, “బావా, ఆ మూల మాత్రం ముట్టుకోవద్దు, వడ్డించి వచ్చి నేను చేస్తాను” అన్నాను. “సరేలే, పో” అన్నాడు.

వంట చేసి, వడ్డించి, రెండోసారి అన్నం పెట్టి, మజ్జిగ పోస్తుండగా నాకు వాసన వచ్చింది. అప్పడం మాడిన వాసన కాదు. గరిటె అక్కడే పెట్టి వెళ్ళాను. బావ బంపర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో గబగబా తుడుస్తున్నాడు, తుడిస్తే పోతుందన్నట్టు. పక్కన పెద్ద మిషన్. ముదురు నీలం మధ్యలో అరచేతి అంచు ఒరిగినట్టు ఒక వంకర మచ్చ, రంగు లేచిపోయి కింద బూడిద తెలుపు కనిపిస్తోంది.

“ఐదుకి వచ్చేస్తారు కదా, టైం లేదని...” అన్నాడు. చేతికి అంటిన మజ్జిగ చీరకు తుడుచుకున్నాను.

ఐదింటికి వాళ్ళిద్దరూ వచ్చారు. బావ ముకుందం గారికి ఎదురెళ్ళాడు. “సార్, చిన్న తప్పు జరిగింది సార్. మా ఆడమనిషి చేసింది. చిన్న మిషన్ పట్టుకుంటానని సరదా పడితే ఇచ్చినాను. తెలీక ఆడ కాల్చేసింది. నేను పెయింటు కొట్టించి ఇస్తాను సార్, మీరేం బాధపడొద్దు.” మూడేళ్ళలో ఒక కస్టమరు ముందు నా చేతిలో మిషన్ ఉంటుందని అతను చెప్పడం అదే మొదటిసారి.

పెరుందేవి టీచరమ్మ ఆ మచ్చ చూసి, లేచి, నా వైపు తిరిగారు. “నువ్వేనా చేసింది?”

“అవును టీచరమ్మా” అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను ఆలోచించలేదు. బావ నా వైపు చూడను కూడా చూడలేదు. ఎవరైనా దాహం అంటే చెయ్యి చెంబు వైపు పోయినట్టు నోరు దానంతటదే అనేసింది. ముకుందం గారు “అదీ సంగతి” అన్నారు. టీచరమ్మ వెళ్ళి ఆటోలో కూర్చున్నారు.

వాళ్ళు పోయాక బావ నా భుజం తట్టాడు. “ఏం అనుకోవద్దు భానూ. ఆడమనిషి చేసిందంటే సర్దుకుంటారు. నేను చేసినానంటే షాపు పేరు పోతాది.” అత్త కాఫీ తానే కలిపి తెచ్చిచ్చింది. పెళ్ళైన పదేళ్ళలో ఆమె నాకు కాఫీ కలిపిచ్చింది వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. “మొగోడి పరువు కాపాడినావు మే” అంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ కాఫీ తాగుతున్నంతసేపూ నాకు గర్వంగానే ఉంది.

గ్లాసు కడుగుతుండగా మొదలైంది. దాన్ని ఏమనాలో తెలియదు. కోపం కాదు. ఏడుపు కాదు. నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని. మర్నాడు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పాపని బడిలో దింపి ఇంటికి రావలసినదాన్ని, స్కూటీ మీద అలిపిరి దాకా పోయాను. ఎందుకు పోయానో తెలియదు. నడకదారి మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళు వంగి ఒక్కో మెట్టుకీ పసుపు రాసి బొట్లు పెడుతున్నారు, వెనక వాళ్ళింటి మగవాళ్ళు చేతులూపుకుంటూ ఎక్కుతున్నారు. కాసేపు చూసి వచ్చేశాను. “ఇంతసేపు యాడికి పోయినావు?” అని అత్త అడిగితే పెట్రోలు బంకులో రద్దీ అని చెప్పాను. ఎంత సులువుగా వస్తున్నాయి అబద్ధాలు! టీచరమ్మ ముందు అన్నది కూడా ఇంత సులువుగానే వచ్చింది. ఇన్నేళ్ళలో ఇలా ఎన్ని వచ్చాయో. ‘నాకు ఆకలి లేదులే, మీరు తినండి.’ ‘నాకు సినిమాలు పెద్ద ఇష్టం ఉండదు.’ ‘నాకేం నొప్పి లేదు.’ ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తుంటే చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాను. నేను మంచితనం అనుకున్నవన్నీ ఇవేనా?

రంగు వెయ్యడానికి కారు తీసుకుపోయింది చిన్నబ్బ. రేణిగుంట వైపు అతనికి పెయింటింగ్ షెడ్డు ఉంది. బావకి తండ్రి వయసువాడు. బంపర్ ముందు కూర్చుని మచ్చ మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ నడిపించాడు.

“ఎవురు కాల్చినారు గిరీ?”

“మా భాను.”

“చిన్న మిషన్‌తోనా?” అని అతను మళ్ళీ మచ్చ చూశాడు. “చిన్నది కాలిస్తే బొట్టుబిళ్ళంత కాలుస్తాదప్పా. ఇది సూడు, ఎంత వంకర తిరిగుండాదో.” బావ ఫోను చెవికి పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. చిన్నబ్బ కారెక్కుతూ నాతో మెల్లగా అన్నాడు: “ఎందుకమ్మే నీ మీద ఏసుకున్నావు? గిరి సెయ్యి నాకు సిన్నప్పటి నుంచి తెలుసు. ఆ వీడియోల్లో నల్ల గ్లవ్స్ సెయ్యి వాడిది కాదని మొదటి రోజే కనుక్కున్నాను. నా షెడ్డులో మూలల కాడ పని సేసేవాళ్ళు లేక బంపర్లు ఆగిపోతా ఉండాయి. మంగళవారం, శుక్రవారం వస్తావా?”

“బావని అడగండి” అన్నాను. మళ్ళీ అంతే, అడిగీ అడగకముందే.

కారు సోమవారం తిరిగి వచ్చింది. చిన్నబ్బ రంగు బాగా కలిపాడు. అయితే కొత్త రంగు ఆరేటప్పుడు దుమ్ము రేణువులు పడతాయి, పైన నారింజ తొక్కలా గరుకు నిలుస్తుంది. దాన్ని నీటి కాగితంతో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, సన్నగా రుద్ది, మళ్ళీ మెరుపు తేవాలి. హెడ్‌లైటు కింద ఆ రెండు వేళ్ళ జాగాలో అది చిన్న మిషన్ పనే. మేం కారు చుట్టూ చూస్తుండగానే టీచరమ్మ ఫోన్ చేశారు. బావ స్పీకర్లో పెట్టాడు.

“గిరిప్రసాద్, ఒక్కమాట. ఆ అమ్మాయి చెయ్యి మాత్రం నా కారు మీద మళ్ళీ పెట్టనీవద్దు. ఏమనుకున్నా సరే.”

“అట్లే టీచరమ్మా, నేనే చేస్తాను” అన్నాడు బావ. ఫోన్ జేబులో పెట్టుకుని, చిన్న మిషన్ నా వైపు తోశాడు. “ఇది నా వల్ల కాదు. నువ్వే చేసెయ్. గ్లవ్స్ ఏసుకో, వీడియో తీసి పంపుతాను. ఆమెకేం తెలుస్తాది?”

నేను గ్లవ్స్ చేతికి తీసుకున్నాను. ఒక చేతికి సగం తొడిగాను కూడా. ఆమె మాట చెవుల్లోనే ఉంది. పదేళ్ళలో నన్ను ఎన్నో అన్నారు, కూర రుచి గురించి, నా నడక గురించి, రెండో కాన్పు లేదని. ఏదీ ఇలా తగల్లేదు. అవన్నీ నాలో వాళ్ళకు నచ్చనివి. ఇది నాకు నాలో నచ్చిన ఒకే ఒక్కటి. దాన్ని నేనే ఒక్క మాటతో ఆమెకు అప్పగించేశాను. ఇప్పుడు ఆమెకు ఇష్టం లేని చేతితో ఆమె కారు ముట్టుకుని, ఆ చేతిని ఆమెకు కనపడకుండా దాచాలి. గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టాను.

“అరగంటలో వస్తాను” అని స్కూటీ తీశాను.

“యాడికి?” అని వెనక నుంచి కేక. నేను ఆగలేదు.

టీచరమ్మ అప్పుడే బడి నుంచి వచ్చినట్టున్నారు, చేతిసంచి భుజానే ఉంది. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. లోపల్నుంచి ముకుందం గారు “ఎవరు?” అన్నారు.

“కారు షాపు అమ్మాయి” అన్నారామె. నాతో, “ఏంటి?” అన్నారు.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. “ఆ మచ్చ నాది కాదు టీచరమ్మా” అన్నాను. “అది పెద్ద మిషన్ మచ్చ. నేను వంటింట్లో వడ్డిస్తా ఉండాను. మా బావ కాల్చినాడు. ఆ పొద్దు నేను మీతో అబద్ధం చెప్పినాను.”

ఆమె నన్ను దగ్గరికి తీసుకుంటారని కాదు గానీ, కాస్త మెత్తబడతారని అనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది. నిజమైన కోపం. ముఖం ఎర్రబడింది.

“ఐదు రోజులమ్మా! ఐదు రోజులుగా ఈ ఇంట్లో ఏం నడుస్తోందో తెలుసా నీకు? ‘ఆడవాళ్ళ చేతికి మిషనిస్తే ఇట్లనే ఉంటాది. నువ్వు గేటుకు గుద్దితివి, ఆ పిల్ల దాన్ని కాల్చింది’ అని అన్నం తినేటప్పుడొకసారి, పేపరు చదివేటప్పుడొకసారి. వచ్చిన వాళ్ళందరికీ ఈయన చెప్తా ఉండారు. నేను ఏమీ అనలేకపోయినాను. నీ మొహం చూసి అడిగినాను కదా, అవునంటివి కదా అని. నేను కూడా ‘నిజమేలే’ అన్నాను, తెలుసునా? నువ్వు ఒక్కదానివే మోస్తావనుకున్నావా ఆ మాట?”

లోపల పేపరు చప్పుడు ఆగిపోయింది. నేను తలదించుకున్నాను. నా అబద్ధం ఇంకొకరి భోజనాల బల్ల దాకా పోయిందన్నది నా ఊహకే రాలేదు. నేను నష్టపోతే నాతోనే పోతుందని అనుకుంటూ వచ్చాను ఎప్పుడూ.

“ఇప్పుడు ఏం కావాల నీకు?” అని అడిగారు, గొంతు కొంచెం దిగాక.

“ఆ మూల నేను చెయ్యాల. మీకు తెలిసి చెయ్యాల.”

ఆమె సంచి లోపల పెట్టి, చెప్పులు మళ్ళీ వేసుకున్నారు. “పద. నేను చూస్తా ఉండంగా చెయ్యి” అన్నారు. స్కూటీ వెనక కూర్చున్నారు.

షాపులో బావ నోరు తెరిచేలోపే టీచరమ్మ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బంపర్‌కి ఎదురుగా కూర్చున్నారు. “నేను చేసేవాణ్ణి టీచరమ్మా, మీరెందుకు ఈ ఎండలో...” అన్నాడు. “వద్దు, ఆమె చేస్తాది” అన్నారు.

గాజులు జారకుండా మోచేతి వైపు తోసి గుడ్డ చుట్టుకున్నాను. హెడ్‌లైటు అంచుకి టేపు వేశాను. నీటి కాగితాన్ని వేలెడు ముక్క చింపి, రేణువులున్న చోట మాత్రమే, గాలి తగిలినంత తేలిగ్గా రుద్దాను. ఆ జాగా అంతా పాలు ఒలికినట్టు మసకబారింది. “పాడైపోయింది కదా!” అన్నారామె ముందుకు వంగి. “ముందు ఇట్లనే అవుతాది, ఉండండి” అన్నాను. చిన్న మిషన్ ఆన్ చేశాను. మూడు క్షణాలు. ఆపాను. వేళ్ళ వెనకతో తాకాను. మళ్ళీ మూడు క్షణాలు. “ఎందుకాపుతున్నావు?” అని అడిగారు. ప్లాస్టిక్ సంగతి చెప్పాను, అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుందని చెప్పాను. ఆమె లెక్కల టీచరు కాబట్టేమో ప్యాడ్ వెడల్పు ఎంత, నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుంది, అన్నీ అడిగారు, మధ్యలో నా పూర్తి పేరు కూడా. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. నా పని గురించి నన్ను ఎవరైనా అడగడం, నేను అంతసేపు ఆపకుండా మాట్లాడటం నాకే కొత్తగా ఉంది. నా గొంతు కొంచెం గట్టిగా ఉందేమో, రోడ్డు మీద పోయే ఒకాయన ఆగి చూసి పోయాడు.

మసక మెల్లగా విడిపోయి నీలం పైకి వచ్చింది. గుడ్డతో తుడిచేసరికి ఆమె ముఖం, ఆమె వెనక నిలబడ్డ బావ మోకాళ్ళు అందులో కనిపించాయి. టీచరమ్మ వేలితో ఆ మూల తడిమి, పైకీ కిందికీ చూసి, “యాడ అతికిందో కనపడలేదే” అన్నారు. అంతే. మెచ్చుకోలు మాటలేవీ లేవు. తాళం తీసుకుని కారు బయటికి తీస్తూ అద్దం దించి, “భానుశ్రీ కదా నీ పేరు? మా స్టాఫ్‌రూములో ఇద్దరికి కార్లున్నాయి. నీ నంబరు పంపు. షాపుది కాదు” అన్నారు.

కారు మలుపు తిరిగేదాకా బావ నవ్వుతూనే నిలబడ్డాడు. తర్వాత ఎండ ఉండగానే షట్టరు సగం దించాడు.

“ఆమెకేం చెప్పినావు?”

“జరిగింది చెప్పినాను.”

“అంటే?”

“ఆ మూల నువ్వు కాల్చినావని.”

అతని ముఖం చూసి నాకు జాలేసింది. జాలి నాకు వెంటనే వచ్చేస్తుంది, దాన్నేం చెయ్యాలో ఇంకా తెలియదు. అత్త వంటింటి తలుపులోంచి వింటోంది. “మొగుణ్ణి బజార్లో నిలబెట్టి వచ్చినావా మే? పుత్తూరులో మా తమ్ముడు ఇదేనా నీకు నేర్పింది?” అంది.

“బావా, రేపు మంగళవారం. చిన్నబ్బ షెడ్డుకి పోతా ఉండాను. వస్తానని ఇందాక టీచరమ్మ ఇంటికి పోయే దారిలో ఆగి ఫోన్ చేసి చెప్పినాను” అన్నాను. “ఈడ మూలల పని మిగతా రోజులు చేస్తాను. గ్లవ్స్ ఏసుకోను.”

ఇంక అతను తట్టుకోలేకపోయాడు. అయితే అరవలేదు. బావ అరిచే మనిషి కాదు, పదేళ్ళలో నా మీద చెయ్యెత్తలేదు. అందరూ నన్ను అదృష్టవంతురాలనేది అందుకే. కుర్చీలో కూలబడి, నిజంగా గాయపడ్డ గొంతుతో అడిగాడు: “నేనేం చేసినానని భానూ? ఆ పొద్దు నువ్వే కదా ఆమె ముందర అవునన్నావు? అవునని చెప్పమని నేనన్నానా? కన్ను గీటినానా? బెదిరించినానా? నీకు నువ్వే చెప్పి, ఇప్పుడు నన్ను దొంగను చేస్తా ఉండావే!”

అతను చెప్పింది నిజం. అబద్ధమైతే ఎదురు చెప్పడం నాకు సులువుగా ఉండేది. మూడడుగులు వెనక్కి వేస్తే వంటింటి తలుపు. టీ టైమైంది, పాపను ట్యూషన్ నుంచి తీసుకురావాలి. నేను కదలకుండా నిలబడి, తలెత్తి అతని కళ్ళలోకి చూశాను.

“అనలేదు బావా. నువ్వు చెప్పమనలేదు. ఒక్కసారి నా వైపు చూడను కూడా చూడలేదు. చెప్పమనకుండానే చెప్పేసినాను చూడు, ఈ ఐదు రోజులూ నాకు భయమేస్తా ఉండేది దానికే.”